చిన్నోడి పక్కన పసుపు కోటు

పోయినవారం ఈ ఇంట్లో ఒక గొడవ జరిగింది. చోటు గురించి గొడవ. ఇంట్లో చోటు కాదు, కంప్యూటర్లో చోటు. చిన్నోడు ఆటలాడుకున్న ఆ కంప్యూటర్ పీకలదాకా నిండిపోయింది. అందులో ఉన్న సముద్రం ఆట కొత్త అప్‌డేట్ అడుగుతోంది. అప్‌డేట్ దిగడానికి జాగా లేదు, దిగకపోతే ఆట తెరుచుకోదు. మిగతా ఆటల్లో ఒకటి తీసేస్తే సరిపోతుందని వాడి అక్క అంది. వాడు పెట్టుకున్నది ఒక్కటి కూడా తీయడానికి వీల్లేదని తండ్రి భీష్మించుకుని కూర్చున్నాడు. మాటామాటా పెరిగి, చివరికి అక్కే దిగొచ్చి జాగా పెంచే కొత్త డిస్కు ఒకటి, ఎస్‌ఎస్‌డీ, కొనుక్కొచ్చింది. ఈ పాటి దానికి అంత రాద్ధాంతమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు. చిన్నోడు లేడు. ఏడాది దాటింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు, మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

వాడి బొమ్మ మాత్రం ఆ ఆటలో మిగిలిపోయింది. నీలం టోపీ పెట్టుకుని, పడవల రేవు మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఆ ఆటలో కాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే బొమ్మ తనంతట తనే కూర్చుంటుంది. చివరిసారి చిన్నోడు ఆట మూసింది ఆ మెట్ల దగ్గరే. అప్పట్నుంచి తండ్రి రోజూ పొద్దున్నే, పనికి వెళ్లేముందు, టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆట తెరిచి వాణ్ని చూసుకుంటాడు. ఒక్క కీ కూడా ముట్టుకోడు. ముట్టుకుంటే బొమ్మ కదులుతుంది, కొడుకు కూర్చున్న చోటు తప్పిపోతుంది. టీ అయిపోయాక ఆట మూసేసి వెళ్లిపోతాడు. అప్‌డేట్ పుణ్యమా అని ఆ కాస్త చూపు కూడా కొన్ని వారాలుగా కరువైంది.

ఇక ఈ ఆదివారం సంగతి.

చిన్నోడి గదిలో బల్ల మీద దుప్పటి పరిచి, కంప్యూటర్ని పక్కకి పడుకోబెట్టారు. తండ్రి లిఫ్ట్ మెకానిక్. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఆయనకి పూనకం వచ్చినట్టే. ముందు ప్లగ్గు పీకాడు. గోడ మీద స్విచ్‌కి అడ్డంగా టేపు అంటించాడు. అది చాలదన్నట్టు తన పనిసంచిలోంచి లిఫ్టుల దగ్గర తగిలించే అట్ట తీసి ఆ స్విచ్‌కి వేలాడదీశాడు. 'మనిషి లోపల ఉన్నాడు. స్విచ్ వేయవద్దు.'

అక్క ఆ అట్ట చదివి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నాన్నా, ప్లగ్గు పీకేశాక స్విచ్ ఎవరేస్తే ఏంటి?"

"అలవాటమ్మా. చెప్పడం, తిరిగి చెప్పడం, అప్పుడు చెయ్యడం. మా పనిలో అంతే. నువ్వు చెప్పు, నేను తిరిగి చెప్తా, అప్పుడే చెయ్యి పెడతా."

"లిఫ్టు ఊడితే పదిమంది పోతారు. ఇది ఊడితే ఎవరు పోతారు?"

"ఇందులో ఉన్నది ఒక్కడే కదా, అందుకే ఇంకా జాగ్రత్త."

"వాడు ఇందులో లేడు నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వాడి బొమ్మ ఆట కంపెనీ వాళ్ల దగ్గర ఎక్కడో ఉంటుంది. ఇది తలుపు లాంటిది, అంతే."

తండ్రి విన్నట్టే తలూపాడు. నమ్మలేదని ఆ తల ఊపడంలోనే తెలిసిపోయింది. కంప్యూటర్ పక్కవైపున్న అద్దం పలక ఊడదీసి గోడకి ఆనించి, కింద మెత్తగా ఉండాలని చిన్నోడి పాత టీషర్టు మడిచి పెట్టాడు.

లోపల ఫ్యాన్ల రెక్కల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. అక్క ఊదబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దుమ్ము కూడా దాచుకుంటావా నాన్నా?"

"వాడున్నప్పటిది కదా" అన్నాడాయన. ఆ తర్వాత తనకే సిగ్గనిపించిందేమో, "సర్లే, మెల్లగా తుడువు" అని మెత్తటి బట్ట అందించాడు. అక్క కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాలు తుడిచే ఆ బట్టతో ఒక్కో రెక్కనీ తుడిచింది. తుడిచిన బట్టని చెత్తబుట్టలో వేయకుండా సొరుగులో పెట్టింది. 

కొత్త ఎస్‌ఎస్‌డీ చూయింగ్ గమ్ బిళ్లంత ఉంది. అది కూర్చోవాల్సిన చోటు, తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కుని ఉంది. "ముందు కార్డు తీయాలి" అని అక్క చెప్పింది. "ముందు కార్డు తీయాలి" అని తండ్రి అన్నాడు. చివర ఉన్న గొళ్లెం నొక్కి, అంత బరువైన కార్డునీ రెండు చేతులతో పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. "ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి పట్టుకోవాలి." "ఏటవాలుగా దూర్చి, నొక్కి పట్టుకోవాలి." పట్టుకున్నాడు. బిగించాల్సిన స్క్రూ చూస్తే ఆవగింజంత. ఆయన సంచిలో ఉన్న పనిముట్లన్నీ దానికంటే పెద్దవే. అక్క తన బ్యాగ్ తెరిచి, కళ్లజోళ్లకి స్క్రూలు బిగించే సన్నటి స్క్రూడ్రైవర్ తీసింది.

"మా షాపుదే" అంది. "రేపు తిరిగి పెట్టేస్తాలే, అలా చూడకు."

చాలా రోజుల తర్వాత తండ్రి నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, మీసం కింద కాస్త కదిలింది. కానీ అక్క దాన్ని చూసింది. చూసి, ఈ డబ్బా కోసం పడిన గొడవంతా అప్పటికప్పుడు మాఫీ చేసేసింది.

అన్నీ బిగించి స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. "పోయిందా? పోయిందా తల్లీ?" అని అదే మాట అంటూ తండ్రి కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. అక్క మళ్లీ ప్లగ్గు పీకి, అద్దం తీసి చూస్తే గ్రాఫిక్స్ కార్డు ఒక పక్క సరిగ్గా దిగలేదు. గట్టిగా నొక్కింది. టక్కుమంది. ఈసారి తెర వెలిగింది. చిన్నోడు పెట్టుకున్న కొండల బొమ్మ ఎప్పటిలాగే వచ్చింది. తండ్రి కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు.

కొత్త డిస్కు వెంటనే కనిపించలేదు. దాన్ని వాడకానికి సిద్ధం చేయబోతే కంప్యూటర్ ఒక ప్రశ్న వేసింది. ఏ డిస్కు? పొరపాటున పాతది నొక్కితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

"చెప్పు" అన్నాడు తండ్రి.

"రెండోది. ఖాళీగా ఉన్నది. కొత్తది."

"రెండోది. ఖాళీగా ఉన్నది. కొత్తది. ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పింది. ఆయన ఇంకోసారి అన్నాడు. అప్పుడు నొక్కింది. కంప్యూటర్ నోరెత్తకుండా ఆ పని చేసిపెట్టింది. సముద్రం ఆటని పాత డిస్కులోంచి కొత్తదానిలోకి మార్చి, అప్‌డేట్‌కి పెట్టారు. ఆకుపచ్చ గీత నత్తనడక నడుస్తోంది. ఇద్దరికీ చేయడానికి పనేమీ లేక, దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఆ పసుపు కోటు పాప ఏమనుకుంటోందో" అన్నాడు తండ్రి.

"ఏ పాప?"

"అదే, రోజూ వస్తుందే. పసుపు రంగు వానకోటు వేసుకుని. మనవాడు కూర్చున్న కాసేపటికి వచ్చి పక్కనే కూర్చుంటుంది. చెయ్యి ఊపుతుంది. ఒకరోజు పూలు కూడా పెట్టి వెళ్లింది. ఇన్ని రోజులు వాడు రాకపోతే ఏమనుకుంటుందో పాపం."

అక్క నవ్వింది. "అది ఆటలో బొమ్మ నాన్నా. పడవలూ పక్షులూ వచ్చిపోతుంటాయి చూడు, అదీ అంతే. దానికి ఏమనుకోవడం ఉండదు."

"తెలుసులే. అయినా వాడికో తోడు ఉందిగా అనిపించేది."

ఆట మొదట్లో ఇంత ప్రశాంతంగా ఉండేది కాదు. తెర నిండా పేర్లు, అంకెలు, నాణేలు, మాటలు ముసురుకునేవి. 'ఈ రాతలన్నీ తీసెయ్యమ్మా, వాడి మొహం కనబడట్లేదు' అని తండ్రి అడిగితే, అక్క సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ దాచేసింది. అప్పట్నుంచి సముద్రం, మెట్లు, నీలం టోపీ, అప్పుడప్పుడు పసుపు కోటు, ఇంతే.

గీత నిండింది. అక్క ఆట తెరిచింది.

చిన్నోడు మెట్ల దగ్గరే ఉన్నాడు. తండ్రి ప్రాణం లేచొచ్చింది. నీలం టోపీ కాసేపు నిలబడి, తర్వాత నెమ్మదిగా మెట్టు మీద కూర్చుంది. ఆ కూర్చోవడం చూడగానే ఆయన కళ్లు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు. కొడుకుని చూసి ఏడవడానికి కూడా ఇన్నాళ్లు కుదరలేదాయనకి.

"మళ్లీ ఆ రాతలన్నీ వచ్చేశాయేంటమ్మా?"

నిజమే. అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి. తెర నాలుగు మూలలా అంకెలు వెలుగుతున్నాయి. ఎడంపక్క కింద మాటల డబ్బా ఒకటి తెరుచుకుని ఉంది. "ఉండు, తీసేస్తా" అని అక్క మౌస్ పట్టుకుంది.

అంతలో రేవు చివర పసుపు కోటు కనబడింది. ఎప్పుడూ నడిచి వచ్చేది, ఈసారి పరుగెత్తుకొచ్చింది. చిన్నోడి ముందు ఆగింది. మాటల డబ్బాలో తెలుగు అక్షరాలు పడ్డాయి.

'పిచ్చుకా! వచ్చావా?'

అక్క చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. తండ్రి కుర్చీలోంచి సగం లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

చిన్నోణ్ని పిచ్చుక అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కతే. చిన్నప్పుడు వాడు పళ్లెంలో ఒక్కో మెతుకూ ఏరుకుని తింటుంటే, 'నా పిచ్చుక తినడం చూడండి' అని మురిసిపోయేది. వాడి తల్లి. వాడు బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది, భార్యాభర్తల మధ్య మాట పట్టింపు ముదిరి ఆవిడ వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. ఆవిడతోపాటే ఆ పిలుపు కూడా ఇల్లు దాటింది. తర్వాత తండ్రి ఆవిడ ఊసు ఎత్తనివ్వలేదు. పిల్లలకి చెప్పింది ఒకటే ముక్క. 'మీ అమ్మకి మనం అక్కర్లేదు.' చిన్నోడు పోయినప్పుడు, 'అమ్మకి చెప్పొద్దా' అని అక్క అడిగితే, 'ఎక్కడుందని చెప్తాం' అన్నాడు. అక్క రెట్టించలేదు. ఆ మాట అక్కడితో ముగిసిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు.

ఇప్పుడు ఆవిడ పసుపు కోటు వేసుకుని కొడుకు పక్కన కూర్చుంటోంది. మాటలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి.

'ఇన్నాళ్లూ ఏమైపోయావురా? రోజూ వచ్చి చూసి వెళ్తున్నా.'

'ఒంట్లో బాగుందా?'

'సర్లే, పలకకు. నువ్వు పలికి ఏడాది దాటింది, నాకూ అలవాటైపోయింది. పొద్దున్నే వచ్చి కాసేపు కూర్చుంటున్నావు. అదే పదివేలు.'

"ఆవిడకి తెలీదు" అంది అక్క. "నాన్నా, ఆవిడకి తెలీదు. నువ్వు రోజూ ఆట తెరుస్తున్నావు. అక్కడ ఆవిడకి వాడు వచ్చాడని కనిపిస్తోంది. వాడు బతికే ఉన్నాడనుకుంటోంది. తన మీద అలిగి మాట్లాడట్లేదనుకుంటోంది."

తెర మీద మరో మాట పడింది.

'మీ నాన్నో నేనో తేల్చుకోమన్నాను చూడు, అది తప్పే. నువ్వు మీ నాన్న దగ్గరే ఉండు. నేనేమీ అనను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో, నువ్వు చదువుతున్నావో లేదో.'

"ఎన్నిసార్లో చెప్పిందట" అంది అక్క. "మనమేమో ఆ రాతలన్నీ దాచేసి కూర్చున్నాం."

"నాకేం తెలుసమ్మా? అది బొమ్మనుకున్నా."

"అది కాదు నేను అడిగేది." అక్క కుర్చీ తిప్పుకుని తండ్రికి ఎదురుగా కూర్చుంది. "ఆవిడకి మనం అక్కర్లేదన్నావు. నోరు తెరిచి ఒక్క మాట అనని బొమ్మ పక్కన ఏడాదిపాటు రోజూ వచ్చి కూర్చుంది నాన్నా. అక్కర్లేని మనిషి చేసే పనేనా ఇది?"

"అప్పటి సంగతులు నీకు తెలీవు."

"తెలియకుండా చేసింది నువ్వే కదా. ఇప్పుడు చెప్పు."

తండ్రి తన చేతులు చూసుకున్నాడు. గోళ్లలో గ్రీజు ఎప్పటికీ వదలని చేతులు. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల ఇరుక్కున్నవాళ్లకి 'నేనున్నా, భయపడకండి' అని బయట్నుంచి ధైర్యం చెప్పే మనిషి ఆయన. ఇప్పుడు కన్నకూతురి కళ్లలోకి చూడకుండా గోళ్లు గీక్కున్నాడు.

"వస్తానంది" అన్నాడు చివరికి. "వచ్చింది కూడా. పాత ఇంటి గేటు దాకా. ఒకసారి కాదు. నేనే లోపలికి రానివ్వలేదు. పిల్లల్ని చూసి వెళ్లిపోతానంది. వెళ్లినదానివి వెళ్లినట్టే ఉండు అన్నా. ఆ తర్వాత ఇల్లు మార్చేశా, ఫోన్ నంబర్ మార్చేశా. మీరు బడిలో ఉన్నారు, మీకు తెలీదు."

అక్కకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. 

"వాడు నన్ను ఒకసారి అడిగాడు నాన్నా. 'అమ్మ కనబడితే మాట్లాడతావా' అని. ఇంకోసారి ఆ పేరెత్తితే నీతో మాట్లాడనని చెప్పా. నువ్వు చెప్పింది నమ్మి చెప్పా. పాపం, నోరు మూసుకుని వచ్చి ఈ గదిలో కూర్చున్నాడు. మనమేమో రోజంతా ఆటలేనా అని ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం."

ఇంట్లో దొరకని తల్లిని వాడు ఎలాగో వెతికి పట్టుకుని ఆటలోకి రప్పించుకున్నాడు. ఆవిడకి ఈ ఆట ఆడటం వాడే నేర్పి ఉంటాడు. ఆ పసుపు కోటు కూడా వాడే కొనిపెట్టి ఉంటాడు. ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, పక్క గదిలోంచి తండ్రి 'ఇక కట్టెయ్యరా' అని కేకలు వేసి ఉంటాడు. ఇవన్నీ ఇప్పుడు ఆయనకి ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. అర్థమయ్యే కొద్దీ మనిషి కుర్చీలో కుంగిపోతున్నాడు. ఆయన చేసింది క్షమించదగిన పని కాదు. అయినా ఆ క్షణంలో ఆయన్ని చూస్తే ఎవరికైనా తిట్టబుద్ధి కాదు.

'అక్క ఎలా ఉంది? కళ్లద్దాల షాపులోనే చేస్తోందా? నా గురించి ఎప్పుడైనా అడుగుతుందా?'

అది చదివాక అక్క ఆపుకోలేకపోయింది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమంది. కాసేపటికి తేరుకుని, ముక్కు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

తండ్రి దాని మీద చెయ్యి వేశాడు. "వద్దమ్మా."

"చెప్పాలి నాన్నా. తల్లి ఆవిడ."

"లోకంలో అందరికీ వాడు పోయాడు. ఆవిడొక్కతికే ఇంకా ఉన్నాడు. ఉండనీ తల్లీ. ఒక్క మనిషికైనా వాడు బతికుంటే మనకేం పోతుంది?"

ఆ మాటకి అక్క నిజంగానే తడబడింది. తనకీ అలా అనిపించని రోజు లేదు. తమ్ముడు ఎక్కడో ఉన్నాడని నమ్మే మనిషి ఒకరుంటే, ఆ నమ్మకంలో తనూ కాసేపు తలదాచుకోవచ్చు. కానీ తండ్రి మొహంలో జాలి ఒక్కటే లేదు, బెదురు కూడా ఉంది.

"ఇది ఆవిడ కోసమా నాన్నా, నీ కోసమా?"

"తెలీదమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక ఆయనకి లేదు. "కొడుకు పోయాడని, ఆ సంగతి ఏడాదిపాటు దాచానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఆవిడ రోజూ వచ్చి క్షమించమని అడుగుతోంది. చచ్చిపోయినవాణ్ని అడుగుతోంది. ఇలా ఇంకెన్నేళ్లు అడగనిద్దాం?"

తండ్రి కీబోర్డు మీంచి చెయ్యి నెమ్మదిగా తీశాడు.

"ఇలా రాసి చెప్పొద్దు" అన్నాడు. "ఇంత పెద్ద మాట ఆటలో రాసి చెప్పకూడదు. నంబర్ అడుగు. నువ్వు ఎవరో చెప్పి నంబర్ అడుగు. నేను మాట్లాడతా. తిట్టినా పడతా."

అక్క తలూపింది. అది న్యాయంగానే తోచింది. కానీ కీబోర్డులో తెలుగు ఎక్కడుందో, దాన్ని ఎలా తెప్పించాలో గుర్తు రావడం లేదు. ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోంది. తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. కన్నీళ్లకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

ఈలోగా తెర మీద పసుపు కోటు లేచి చిన్నోడికి ఎదురుగా నిలబడింది.

'ఇవాళ ఒక్కటే అడుగుతా. ఒక్కసారి లేచి నిలబడరా. మాట అక్కర్లేదు. లేచావంటే నీ కోపం పోయిందనుకుంటా.'

'లేవకపోతే ఇక నిన్ను విసిగించను. రేపట్నుంచి రాను. నువ్వు హాయిగా కూర్చో.'

"రాస్తున్నా, రాస్తున్నా, ఒక్క నిమిషం" అంటోంది అక్క, అవతలి మనిషికి వినబడుతున్నట్టే. సగం పేరు పడింది. తప్పు పడింది. తుడిచింది.

పసుపు కోటు అలాగే నిలబడి ఎదురుచూసింది. తర్వాత వెనక్కి తిరిగింది. రేవు వైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

అలా వెనక్కి తిరిగి వెళ్లిపోవడం తండ్రికి తెలుసు. పాత ఇంటి గేటు నుంచి ఆవిడ అలాగే వెళ్తుంటే కిటికీలోంచి చూశాడు. అప్పుడు పిలవలేదు.

ఆయన చెయ్యి కూతురి చేతుల మీదుగా కీబోర్డు మీదికి వెళ్లింది. ఏ కీ ఏం చేస్తుందో ఆయనకి ఎవరూ నేర్పలేదు. నేర్పక్కర్లేదు కూడా. కొడుకు వేళ్లకి అరిగి అక్షరాలు చెరిగిపోయిన కీలు నాలుగు ఉన్నాయి. వాటిలో పైన ఉన్నదాన్ని నొక్కాడు.

నీలం టోపీ లేచి నిలబడింది.

"నాన్నా!" అని అరిచింది అక్క. "ఏం చేశావు నాన్నా?"

పసుపు కోటు ఆగింది. తిరిగి చూసింది. ఒక్క ఉదుటున వెనక్కి పరుగెత్తుకొచ్చి, చిన్నోడి చుట్టూ గిర్రున తిరిగింది. గెంతింది. మళ్లీ తిరిగింది. మాటల డబ్బాలో అక్షరాలు తోసుకుంటూ వచ్చి పడ్డాయి.

'లేచాడు! నా తండ్రి లేచాడు!'

'ఏడుపొస్తోందిరా కన్నా, అక్షరాలు కనబడట్లేదు.'

'ఇక నేను ఆగను. నువ్విచ్చిన అడ్రసు దాచుకునే ఉన్నా. ఇప్పుడే బయల్దేరుతున్నా, రేపు పొద్దుటికి మీ ఇంటి ముందుంటా.'

'మీ నాన్న తలుపు తీయకపోతే నువ్వు తియ్యి.'

అక్క తప్పో ఒప్పో చూసుకోకుండా 'ఆగు' అని కొట్టి పంపింది. అప్పటికే పసుపు కోటు మాయమైంది. ఆ మనిషి ఆటలో లేదని డబ్బాలో చిన్న అక్షరాలు వచ్చాయి. మళ్లీ పంపింది. మళ్లీ అదే వచ్చింది. ఎన్నిసార్లు పంపినా అదే.

తండ్రి వేలు ఇంకా ఆ కీ మీదే ఉంది, ఆయనకి తెలియకుండానే దాన్ని మళ్లీ నొక్కి పట్టింది. ఏడాదిగా కూర్చున్న చోటు వదిలి చిన్నోడు మెట్లు దిగి, ఖాళీ రేవు మీద తనపాటికి తాను నడుచుకుంటూ పోతున్నాడు.

"రేపు పొద్దున ఆవిడ ఆ తలుపు కొడుతుంది" అంది అక్క. "ఎవరు తీస్తారు నాన్నా?"